‘ఎవరు కుట్టారు’ అనే కాలమ్: టోనీ ఫ్రిసెల్ ఫోటోల ప్రాజెక్టు డైరీ

జూన్ మొదట్లో

ప్రాజెక్టు ఏంటో ముందే చెప్పేస్తా, మధ్యలో చదవడం మొదలెట్టినోళ్ళు తికమక పడకుండా. వాషింగ్టన్‌లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ అని అమెరికా ప్రభుత్వ పెద్ద లైబ్రరీ ఉంది కదా, అందులో టోనీ ఫ్రిసెల్ అనే ఫోటోగ్రాఫర్ కలెక్షన్ ఉంది. ఆవిడ 1907లో న్యూయార్క్‌లో పుట్టింది, 1988లో పోయింది, 1931 నుంచి వోగ్ మ్యాగజైన్‌కి, తర్వాత 1940ల్లో హార్పర్స్ బజార్ మ్యాగజైన్‌కి ఫ్యాషన్ ఫోటోలు తీసింది. 1971లో తన దగ్గరున్నదంతా లైబ్రరీకి ఇచ్చేసింది. అంతా అంటే సుమారు 3,40,000 ఐటమ్స్! అందులో 2,70,000 బ్లాక్ అండ్ వైట్ నెగటివ్‌లు, 42,000 కలర్ ట్రాన్స్‌పరెన్సీలు (స్లైడ్లు), 25,000 పెద్ద ప్రింట్లు, ఇంకా బోలెడు ప్రూఫ్ షీట్లు. ఆన్‌లైన్‌లో పెట్టింది ఇందులో కొంచెమే, ఆ కొంచెమే నాకు చాలా ఎక్కువ.

నేను చేసేదేంటంటే, ఆన్‌లైన్‌లో ఉన్నవాటిలో ఫ్యాషన్ ఫోటోలు ఏరుకుని, పెద్ద సైజు టిఫ్ ఫైళ్ళు (నాణ్యత తగ్గని ఫోటో ఫైళ్ళు) దించుకుని, ఒక్కోదానికి తెలుగులో క్యాప్షన్ రాయడం. క్యాప్షన్ అంటే ‘సముద్రతీరాన సుందరి’ టైపు కాదు. బట్ట ఏంటి, కట్ ఏంటి, చెయ్యి ఎలా తిప్పారు, నడుం దగ్గర డార్ట్ పెట్టారా కుచ్చు పెట్టారా, ఇలాంటివి. ఇదంతా మా పిన్ని కోసం. తెనాలిలో లేడీస్ టైలరింగ్ నేర్పిస్తుంది, పాత ఫ్యాషన్ అనగానే పిల్లలకి చూపించడానికి పాత సినిమా హీరోయిన్ల జాకెట్లు తప్ప ఇంకేం లేవు, గౌన్లు ఫ్రాకులు చూపించాలంటే మంచి బొమ్మలు కావాలని ఎప్పట్నుంచో సతాయిస్తోంది. హక్కుల గొడవ కూడా లేదు, ఫ్రిసెల్ తన హక్కులు జనానికే వదిలేసింది, రికార్డుల్లో కూడా ప్రచురణకి తెలిసిన ఆంక్షలేం లేవనే ఉంటుంది. ప్రింట్ తీసి గోడకి అంటించుకోవచ్చు, క్లాసులో పంచుకోవచ్చు.

ఫైళ్ళు, స్ప్రెడ్‌షీట్ నా డ్యూటీ. గుడ్డ చూసి చెప్పేది పిన్ని, వీడియో కాల్‌లో.

జూన్, రెండో అప్‌డేట్

స్క్రిప్టు రెడీ. లైబ్రరీ వాళ్ళ సైట్‌లో ఏ పేజీ అడ్రస్ చివరైనా ఒక చిన్న ముక్క తగిలిస్తే ఆ పేజీ సమాచారం మొత్తం జేసన్‌లో, అంటే ప్రోగ్రామ్ చదువుకోగలిగే రూపంలో వచ్చేస్తుంది, లాగిన్ కూడా అక్కర్లేదు, ఇంత పద్ధతిగా పెట్టినందుకు వాళ్ళకి దండం పెట్టాలి. పైథాన్‌లో చిన్న లూప్ రాసి టైటిల్, తేదీ, చోటు, నెగటివ్ నంబర్, హక్కుల వివరం లాక్కున్నా. ఒకటే జాగ్రత్త, గబగబా అడిగితే 429 ఎర్రర్ ఇచ్చి కాసేపు గేటు మూసేస్తుంది. అందుకే ఒక్కో రిక్వెస్ట్‌కి మధ్య కొన్ని సెకన్లు ఆగేలా పెట్టి, రాత్రి వదిలేసి పడుకుంటున్నా.

ఫైళ్ళ పేర్ల విషయంలో మాత్రం మొండిగా ఉన్నా. నెగటివ్ నంబర్లు ఎల్‌సీ-ఎఫ్9 అని మొదలై గీతలు గీతలుగా సాగుతాయి, చూడ్డానికి చండాలంగా ఉంటాయి, కానీ అవే ఫైలు పేర్లు. ‘బీచ్_తెల్లగౌను_2’ అని పెట్టుకున్న రోజున మళ్ళీ అసలు రికార్డు దొరకదు. దించిన ఫైలు మాస్టర్ ఫోల్డర్‌లో రీడ్ ఓన్లీ, దాని చెక్‌సమ్ (ఫైలు చెడిపోలేదని చూసుకునే నంబర్) షీట్‌లో, పని అంతా కాపీ మీదే. రెండు డిస్కులు, ఒక క్లౌడ్. ఇంతకంటే ఏం చెయ్యక్కర్లేదు, దీనికంటే తక్కువ మాత్రం చెయ్యకూడదు.

ఒక చిరాకు: చాలా ఫోటోలు రెండేసి సార్లు ఉన్నాయి, నెగటివ్ నుంచి స్కాన్ చేసింది ఒకటి, ప్రింట్ నుంచి స్కాన్ చేసింది ఇంకోటి. మొదట డూప్లికేట్ కదా ఒకటి తీసేద్దాం అనిపిస్తుంది. తియ్యకూడదు. ప్రింట్‌లో ఫ్రేమ్ కోసేసి ఉంటారు, నెగటివ్‌లో గౌను అంచు మొత్తం కనిపిస్తుంది. పిన్నికి కావల్సింది ఆ అంచే.

షీట్‌లో కాలమ్స్: నంబర్, ఏడు, చోటు, ఫిల్మ్, బట్ట, కట్, వేసుకున్నది ఎవరు. ఇది చూపిస్తే పిన్ని ‘ఒరే, కుట్టింది ఎవరో పెట్టవా’ అంది. సరే, ‘ఎవరు కుట్టారు’ అని ఇంకో కాలమ్ పెట్టా.

జూన్ చివర

పెద్ద ఫోటోతో కూర్చున్నాం. ఫ్రిసెల్ పేరు చెప్తే అందరికీ గుర్తొచ్చేది ఇదే: 1947, ఫ్లోరిడాలో వీకీ వాచీ అనే ఊట, నీళ్ళలో పొడుగు తెల్ల గౌనుతో తేలుతున్న అమ్మాయి. కెమెరా నీళ్ళ అడుగున ఉంది. 1962లో ఒక జాజ్ ఆల్బమ్ అట్ట మీదకి కూడా ఎక్కింది, అందుకే ఫ్యాషన్ ముఖం చూడనివాళ్ళకి కూడా ఈ బొమ్మ తెలుసు.

జేపెగ్‌లో, అంటే కుదించిన ఫైల్‌లో చూస్తే ఏదో కలలా ఉంటుంది, మూడ్ అంతే. టిఫ్ ఓపెన్ చేసి వంద శాతం జూమ్‌లో మెల్లగా జరుపుకుంటూ వెళ్తే వేరే బొమ్మ. తల నీటి మట్టానికి తగిలి ఉంది, మొహం ఉండాల్సిన చోట నీటి తెర చిరిగి వెలుతురు ముక్కలు ముక్కలుగా ఉంది. చేతులు వదిలేసినట్టు ఉన్నాయి, బిగువు ఎక్కడా లేదు. గౌను కాళ్ళకి అంటుకుని, కింద అంచు దగ్గరకొచ్చేసరికి విడిపోయి పరుచుకుంది. పిన్ని మొహం గురించి ఒక్క మాట అనలేదు. ఆవిడ చూసింది అంచు. ‘పల్చని గుడ్డరా, లైనింగ్ ఉన్నట్టు లేదు, మామూలుగా అయితే నీళ్ళలో గౌను గొడుగులాగా పైకి లేచిపోవాలి, ఇది లేవలేదంటే అడుగున మన చీర ఫాల్ లాగా ఏదో బరువు ఉండాలి, లేకపోతే ఆ పిల్ల అడ్డంగా కదులుతోంది’ అంది. అడ్డంగా కదులుతోంది అనేది నాకు తట్టనే లేదు! మళ్ళీ చూస్తే నిజంగానే గుడ్డ మొత్తం ఒకే దిక్కుకి లాగినట్టు ఉంది. క్యాప్షన్‌లో అదే రాశా.

ఆ చోటు సంగతి కూడా చెప్పాలి. వీకీ వాచీ అమెరికా నేవీలో ఈత నేర్పిన న్యూటన్ పెర్రీ అనే ఆయన కట్టిన షో. అమ్మాయిలు గొట్టాల్లోంచి గాలి పీలుస్తూ నీటి అడుగునే మత్స్యకన్యల వేషాలు వేస్తారు. 1947 అక్టోబర్‌లో తెరిచారు, అంటే ఫోటో తీసిన ఏడాదే. ఊట నీళ్ళు ఏడాది పొడుగునా 23 డిగ్రీల దగ్గరే ఉంటాయి, అద్దంలా ఉంటాయి. ఫ్రిసెల్‌కి నీళ్ళ పిచ్చి అప్పుడే పుట్టింది కాదు, 1939లోనే ఫ్లోరిడాలో మెరైన్‌లాండ్ అనే చోట డాల్ఫిన్ల ట్యాంకులో మోడల్‌ని దింపి తీసింది. అది కూడా కలెక్షన్‌లో ఉంది. ఆ ట్యాంకులు 1938లో గాజు కిటికీల్లోంచి సినిమా షూటింగ్ చేసుకోడానికే కట్టినవి. స్టూడియోలో పెద్ద పెద్ద లైట్లు పెట్టి బొమ్మల్లా నిలబెట్టి తీసే కాలంలో ఈవిడ మోడల్స్‌ని ఎండలోకి, గాలిలోకి, నీళ్ళలోకి లాగింది. చాలావరకు చేత్తో పట్టుకున్న రోలీఫ్లెక్స్ కెమెరాతోనే, కింద నుంచి పైకి చూస్తూ. వోగ్‌లో మొదట క్యాప్షన్లు రాసే ఉద్యోగమట ఆవిడది, స్పెల్లింగ్ రాక అది పోతే, కార్మెల్ స్నో అనే ఎడిటర్ కెమెరా పట్టుకోమని ఎగదోసిందంటారు. క్యాప్షన్లు రాయలేక ఫోటోగ్రాఫర్ అయినావిడ ఫోటోలకి నేనిప్పుడు క్యాప్షన్లు రాస్తున్నా, ఏం చేస్తాం.

ఇంత ప్రసిద్ధమైన ఫోటోకి నా షీట్‌లో ‘వేసుకున్నది ఎవరు’ ఖాళీ. ‘ఎవరు కుట్టారు’ ఖాళీ.

జూలై మొదట్లో

క్లీనింగ్ గురించి కొంత. పాత నెగటివ్ స్కాన్ అంటే దుమ్ము, వెంట్రుక, గీతలు మామూలే. కలర్ నెగటివ్‌లకి స్కానర్ ఇన్‌ఫ్రారెడ్‌తో దుమ్ము పట్టేస్తుంది, బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్‌లో బొమ్మే వెండి కాబట్టి ఇన్‌ఫ్రారెడ్‌కి బొమ్మ కూడా దుమ్ములాగే కనిపిస్తుంది, పనికిరాదు. కొడక్రోమ్ అనే కలర్ ఫిల్మ్‌తో కూడా తేడా చేస్తుంది. అంచేత గింప్ అనే ఫోటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో హీల్ టూల్‌తో చుక్క చుక్కా చేత్తోనే. ఆటోమేటిక్ ఏఐ క్లీనింగ్ వాడమని ఒకరిద్దరు చెప్పారు, ఒక ఫోటో మీద చూశా, దుమ్ముతో పాటు జాకెట్ మీద కుట్టు గీత కూడా ఎగిరిపోయింది, గుండీ కాజా నున్నగా తోలులా అయిపోయింది. కుట్టు చూడ్డం కోసం చేసే ప్రాజెక్టులో అది ఎందుకు. నా రూల్ ఇదీ: మొహం మీద, ఆకాశం మీద దుమ్ము తీస్తా, గుడ్డ మీద ఉన్నది దేన్నీ ముట్టుకోను.

కలర్ వాటిలో కొడక్రోమ్‌వి చూస్తే మతి పోతుంది. కొడక్రోమ్ 1935లో వచ్చింది, చీకట్లో దాచితే రంగు ఏళ్ళ తరబడి నిలబడుతుంది. అదే కాలం వేరే కలర్ ఫిల్మ్‌లు చాలావాటికి ఆ గట్టిదనం లేదు, రంగు మారి ఎర్రగా తిరిగేవి ఎక్కువ. సరిచెయ్యొచ్చు, కానీ చెయ్యట్లేదు. అసలు గౌను ఏ రంగో చూసినవాళ్ళు లేరు, నేను స్లైడర్ జరిపి లేత గులాబీ చేసేస్తే అది నా గౌను అవుతుంది.

జూలై మధ్యలో

ఈ వారం పిన్నిదే. ఏళ్ళు దాచిపెట్టి ఫోటోలు చూపించి, ఏది ముందు ఏది వెనక అని అడిగా, ఊరికే ఆటగా. స్కర్టు చూసి చెప్పేస్తోంది. పొట్టిగా, సన్నగా, కుచ్చు లేకుండా, పైన జేబులు అతికి కుట్టకుండా ఉన్నది ఒక గుంపు. పిక్కల కిందికి దిగి, నడుం బిగించి, కింద బోలెడు గుడ్డ పోసింది ఇంకో గుంపు. ‘ఇవి గుడ్డ దొరకని రోజులు, ఇవి దొరికిన రోజులు’ అని తేల్చేసింది.

అక్షరాలా అంతే. అమెరికాలో 1942లో ఎల్-85 అని యుద్ధం ఆర్డర్ వచ్చింది, ఆడవాళ్ళ బట్టల్లో గుడ్డ మిగల్చడానికి. స్కర్టు పొడుగు, ఘేరా, అన్నిటికీ కొలతలు పెట్టారు, అంచు మడత 2 అంగుళాలు దాటకూడదు. నైలాన్ అంతా పారాషూట్లకి పోయింది. తర్వాత 1947 ఫిబ్రవరిలో పారిస్‌లో క్రిస్టియన్ డియోర్ గజాల కొద్దీ గుడ్డ పోసిన స్కర్టులు దింపాడు, దానికి న్యూ లుక్ అని పేరు పడింది కార్మెల్ స్నో మాట వల్లే, అప్పటికి ఆవిడ హార్పర్స్ బజార్‌లో ఉంది. ఇదంతా నేను పిన్నికి చెప్తే, ‘అంచు మడతకి 2 అంగుళాలా, మా దగ్గర అంత వదిలితే ఓనరు తిట్టేవాడు’ అని నవ్వింది.

అదే కెమెరా ఆ యుద్ధాన్ని కూడా తీసింది, ఇది మర్చిపోకూడదు. 1941లో ఫ్రిసెల్ రెడ్‌క్రాస్‌కి వాలంటీర్‌గా వెళ్ళింది. 1945లో ఇటలీలో రామిటెల్లి దగ్గర నల్లజాతి పైలట్లున్న 332వ ఫైటర్ గ్రూప్ ఫోటోలు ఆవిడవే. లండన్‌లో కూలిపోయిన ఇళ్ళ ముందు బొమ్మ పట్టుకుని కూర్చున్న పిల్లాడి ఫోటో కూడా. కేటలాగ్‌లో నంబర్ల వరసలో పోతుంటే స్విమ్ సూట్ల తర్వాత పైలట్లు, పైలట్ల తర్వాత పెళ్ళిళ్ళు వస్తాయి. నా స్క్రిప్టు ఫ్యాషన్ అని ఉన్నవి మాత్రమే తీసుకునేది, ఇప్పుడు పైలట్ల జాకెట్లు కూడా చేర్చా. అవీ కుట్టినవే కదా.

బీచ్ బట్టల బ్యాచ్‌లో గళ్ళ షర్టులు, గళ్ళ షార్ట్స్ చాలా ఉన్నాయి. పిన్ని ‘ఇవి మన రుమాలు గళ్ళురా’ అని పట్టుకుంది, బాబాయిది చీరాల లెండి, అక్కడి మగ్గాల మీద ఎగుమతి రుమాళ్ళు నేసి మద్రాస్ పేరు మీద పడవలెక్కించేవాళ్ళు. అమెరికాలో ఆ కాలంలో మద్రాస్ గళ్ళంటే మోజు, ఉతికితే రంగు దిగుతుందని తెలిశాక దాన్నే గొప్పగా చెప్పి రంగు దిగుతుందని గ్యారంటీ ఇచ్చి మరీ అమ్మారు. ‘మా దగ్గర అయితే డబ్బులు వాపసు అడిగేవాళ్ళు’ అంది పిన్ని. బ్లాక్ అండ్ వైట్‌లో ఆ గళ్ళు మద్రాసువో మాంచెస్టర్‌వో చెప్పలేం కాబట్టి క్యాప్షన్‌లో ‘గళ్ళ నూలు బట్ట’ అనే రాశా, పిన్నికి ఇష్టం లేదు, నోట్స్‌లో ఆవిడ మాట కూడా ఎక్కించమంది, ఎక్కించా.

జూలై చివర

‘ఎవరు కుట్టారు’ కాలమ్‌లో మొట్టమొదటి పేరు పడింది.

1953 సెప్టెంబర్ 12, న్యూపోర్ట్‌లో, తర్వాత అమెరికా ప్రెసిడెంట్ అయిన జాన్ కెనడీ, జాక్వెలిన్ పెళ్ళి. ఫోటోలు తీసింది ఫ్రిసెల్. అవి కూడా ఈ కలెక్షన్‌లోనే ఉన్నాయి. రికార్డులో పెళ్ళికొడుకు, పెళ్ళికూతురు, ఊరు, తేదీ, ఫోటోగ్రాఫర్ ఉంటారు. గౌను కుట్టింది ఆన్ లో, అలబామాలో పుట్టిన నల్లజాతి డ్రెస్‌మేకర్, న్యూయార్క్‌లో షాపు. దంతం రంగు సిల్క్ టఫెటా (బిర్రుగా మెరిసే పట్టు గుడ్డ), 50 గజాలు. పిన్ని వెంటనే లెక్కేసింది, అంటే ఎనిమిది చీరల గుడ్డ. పెళ్ళి ఇంకో 10 రోజులుందనగా షాపులో నీళ్ళ పైపు పగిలి పెళ్ళికూతురు గౌను, తోడు పెళ్ళికూతుళ్ళ గౌన్లు చాలావరకు తడిసి పాడైపోయాయి. ఆవిడ నోరెత్తకుండా మళ్ళీ గుడ్డ కొని, మనుషుల్ని పెట్టుకుని, రాత్రీ పగలూ కుట్టి ఇచ్చింది, లాభం పోగా 2,200 డాలర్లు చేతి నుంచి పడింది. పట్టుకెళ్ళినప్పుడు పనివాళ్ళ గుమ్మంలోంచి రమ్మంటే, అలాగైతే గౌన్లు వెనక్కి పట్టుకెళ్తానందని చెప్తారు. అప్పటి పేపర్లలో ఆవిడ పేరు వెతకాల్సిందే. గౌను ఇప్పుడు బోస్టన్‌లో కెనడీ లైబ్రరీ దగ్గర భద్రంగా ఉంది.

పిన్నికి ముందు ఈ కథ చెప్పకుండా ఫోటోనే ఇచ్చా. చాలాసేపు చూసింది, జూమ్ చెయ్, పైకి జరుపు, కిందికి జరుపు అంటూ. పై భాగం మొత్తం టక్సే. సన్న సన్న మడతలు పట్టీలు పట్టీలుగా ఒకదాని మీద ఒకటి అల్లినట్టు తిప్పి కుట్టారు, భుజాల మీద నుంచి మెడ వెడల్పుగా తెరుచుకుంటుంది. స్కర్టు మీద పెద్ద పెద్ద చక్రాలు, గుడ్డనే కుచ్చి గుండ్రంగా తిప్పి కుట్టినవి. ‘టఫెటా జారుతుందిరా, గీత కూడా నిలబడదు, ఒక్కసారి సూది దిగితే ఆ చిల్లు పోదు, విప్పి మళ్ళీ కుట్టడానికి ఉండదు’ అంది. ‘ఇన్ని టక్స్ వేసింది ఒక్కసారి కుట్టడానికే నెల పడుతుంది.’ అప్పుడు పైపు సంగతి చెప్పా. ఫోన్‌లో కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత ‘డబ్బులు ఎక్కువ అడగలేదా’ అంది. అడగలేదు అన్నా. ‘అడగాల్సింది’ అంది, కోపంగానే.

నాకైతే కేటలాగ్ వాళ్ళ మీద ఫిర్యాదు లేదు, ఫోటో వెనక రాసున్నదే వాళ్ళు ఎక్కిస్తారు, అది వాళ్ళ పద్ధతి, అదే కరెక్టు. కానీ ఫ్యాషన్ ఫోటో అంటేనే బట్ట బొమ్మ కదా. ఫ్యాషన్ మోడల్, ఫలానా చోటు, ఫలానా ఏడు అని ఆపేస్తే, తొడుక్కున్న మనిషీ లేదు, కుట్టిన మనిషీ లేదు, ఇక మిగిలింది ఎండ, సముద్రం. అందుకే ఇక నుంచి ఖాళీ గడులని ఖాళీగా వదలను, ‘రికార్డులో లేదు’ అని టైప్ చేస్తా. ఖాళీ గడి చూస్తే పని అవ్వలేదనుకుంటారు, ఇలా రాస్తే వెతికాం, లేదు అని తెలుస్తుంది.

ఆగస్టు

ప్రింట్లు. హైదరాబాద్‌లో ఒక ల్యాబ్‌కి మొదటి సెట్ ఇచ్చా, ఆటో కరెక్షన్ ఆపమని రెండుసార్లు చెప్పినా ఆన్‌లోనే ఉంచి తీశారు. నీళ్ళలో అమ్మాయి ఫోటోలో ఆ బూడిద రంగు పొరలన్నీ పోయి, గౌను తెల్ల కాగితం ముక్కలా, నీళ్ళు నల్ల సిరాలా వచ్చింది. గొడవపడితే మళ్ళీ తీసిచ్చారు, ఈసారి నయం, కానీ కలర్ పేపర్ కాబట్టి నీడల్లో కొంచెం ఆకుపచ్చ కొడుతోంది. మిగతా సెట్ పిగ్మెంట్ ఇంక్‌తో మ్యాట్ పేపర్ మీద వేరేచోట వేయించా, రేటు ఎక్కువే, తేడా మాత్రం గుడ్డ నేత దగ్గర కనిపిస్తోంది. క్లాసులో పిల్లలు వేలు పెట్టి చూస్తారు కాబట్టి గ్లాసీ వద్దని పిన్ని ముందే చెప్పింది, వేలిముద్రలు పడతాయని.

సైజు ఏ3. ప్రతి ప్రింట్ కింద నెగటివ్ నంబర్, లైబ్రరీ పేరు, ఫ్రిసెల్ పేరు, తెలుగు క్యాప్షన్, ఆ కింద ‘వేసుకున్నది’, ‘కుట్టింది’ అని రెండు లైన్లు. ప్రింట్ వెనక ఏమీ రాయట్లేదు, బాల్ పెన్ను అయితే అసలు వద్దు, అచ్చు ముందుకి దిగుతుంది.

క్లాసులో పెట్టేశారు. పిన్ని పంపిన ఫోటోలో పిల్లలు మూగి చూస్తోంది వీకీ వాచీ కాదు, కెనడీ పెళ్ళీ కాదు, నేను ఊరికే కలిపిన ఒక సాదా డ్రెస్, ముందు పక్క గుండీలు, రెండు పక్కలా జేబులు. గౌనుకి జేబులు పెట్టొచ్చా అని అడుగుతున్నారట, పంజాబీ డ్రెస్‌కి కూడా అలాగే పెట్టమని. ఇద్దరు అప్పుడే ప్యాటర్న్ గీస్తున్నారు.

తర్వాతి బ్యాచ్ 1953 తర్వాత స్పోర్ట్స్ ఇలస్ట్రేటెడ్ కోసం తీసినవి. అవి ఫ్యాషన్ కిందికి రావు కాబట్టి స్క్రిప్టులో ఫిల్టర్ మార్చాలి, ఆటల బట్టల్లో జిప్పులు, ఎలాస్టిక్ ఎక్కడ పెట్టారో చూడాలంటే టిఫ్‌లు అన్నీ కావాలి, పాత డిస్క్ నిండిపోయింది. డిస్క్ ఆర్డర్ పెట్టా, గురువారం వస్తుందట.